అమెరికా చరిత్రకు, సంస్కృతికి అద్దం పట్టే హ్యాండ్‌గన్ ఏది? నా ఓటు 1873 కోల్ట్‌కే

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. డాలస్‌లోని మీ ఆఫీసులో మధ్యాహ్న భోజనాల దగ్గర ఓ వాదన మొదలైంది, వారాలు గడిచినా తెగడం లేదు. అమెరికా చరిత్రనూ సంస్కృతినీ ఒకే ఒక్క హ్యాండ్‌గన్‌తో చూపించాలంటే ఏది ఎంచుకోవాలి? సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన 1911 పిస్టల్ అంటున్నారు. టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన ఇంకొకాయన కౌబాయ్ రివాల్వర్ అంటున్నారు. కుర్ర ఇంజినీరేమో గ్లాక్ దగ్గరే పట్టుబట్టి కూర్చున్నాడు. సూపర్‌స్టార్ కృష్ణ కౌబాయ్ సినిమాల్లో చూడటం తప్ప వీటి గురించి మీకు పెద్దగా తెలియదు కాబట్టి, ఎవరి మాటలో పస ఉందో చెప్పమన్నారు.

నా జవాబు: 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్. పీస్‌మేకర్ అని పిలిచేది దీన్నే. ప్రతి గుండుకూ ముందు, తూటాను పేల్చే సుత్తి లాంటి భాగాన్ని (హ్యామర్) బొటనవేలితో వెనక్కి లాగాలి, సింగిల్ యాక్షన్ అంటే అదే. అంటే మీ టెక్సస్ ఆయన చెప్పిందే. 1911 దానికి చాలా దగ్గరగా వచ్చి ఆగిపోతుంది. గ్లాక్ ఈనాటి అమెరికా గురించి నిజం చెబుతుంది గానీ వెనకటి కథ దాని దగ్గర లేదు. అయితే "పశ్చిమాన్ని గెలిచింది ఈ తుపాకే" అని టెక్సస్ వాళ్లు సాధారణంగా చెప్పే కారణాన్ని నేను ఒప్పుకోను. నా కారణాలు వేరు.

నేను కనెటికట్‌లో మెషిన్ టూల్స్ పరిశ్రమలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వారాంతాల్లో ఓ చిన్న చరిత్ర మ్యూజియంలో పాత ఆయుధాల గదిలో వాలంటీర్‌గా ఉంటాను. గదిలోకి వచ్చినవాళ్లు ముందు ఏ అద్దాల పెట్టె దగ్గరకు నడుస్తారో, ఏది చూసి ఏం మాట్లాడతారో చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఈ జవాబులో సగం చదివి తెలుసుకున్నది, సగం ఆ గదిలో నిలబడి తెలుసుకున్నది.

ఒక వస్తువు చరిత్రకు ప్రతినిధి కావాలంటే నిజంగా జరిగిన పెద్ద సంగతుల్లో దాని చెయ్యి ఉండాలి. సంస్కృతికి ప్రతినిధి కావాలంటే దాన్ని జీవితంలో ఒక్కసారి కూడా ముట్టుకోనివాళ్లు సైతం చూడగానే గుర్తుపట్టాలి. ఈ రెండూ ఒకే తుపాకిలో కలవడం అరుదు. మీ ఆఫీసు వాదన తెగకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. ఒకరు చరిత్ర గురించి, ఇంకొకరు సంస్కృతి గురించి మాట్లాడుతూ ఉండి ఉంటారు.

కథ 1873లో మొదలు కాదు. శామ్యూల్ కోల్ట్ కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో 1814లో పుట్టాడు. తిరిగే సిలిండర్ ఉన్న తుపాకికి 1836లో అమెరికా పేటెంట్ తీసుకుని న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. అది 1842కల్లా మూతపడింది. కానీ అక్కడ తయారైన అయిదు గుళ్ల రివాల్వర్లు కొన్ని, అప్పటికి స్వతంత్ర దేశంగా ఉన్న టెక్సస్ నౌకాదళానికి చేరాయి. అక్కడి నుంచి సరిహద్దు కాపలా కాసే టెక్సస్ రేంజర్ల చేతికి వచ్చాయి. 1844 జూన్‌లో వాకర్స్ క్రీక్ దగ్గర జాక్ హేస్ నాయకత్వంలో కొద్దిమంది రేంజర్లు తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న కొమాంచీ అనే మూలవాసి తెగ యోధులతో వీటితోనే తలపడ్డారు. అంతకుముందు ఒక గుండు పేల్చి, మళ్లీ మందు దట్టించుకునేలోపు గుర్రం మీది కొమాంచీ యోధుడు వరసగా బాణాలు వేసేవాడు. రివాల్వర్‌తో ఆ లెక్క తిరగబడింది.

ఆ పోరులో గాయపడ్డ శామ్యూల్ వాకర్ తర్వాత మెక్సికో యుద్ధం కోసం కోల్ట్‌తో కలిసి ఇంకా పెద్ద తుపాకి డిజైన్ చేయించాడు. అదే 1847 వాకర్ కోల్ట్. ఆరు గుళ్లు, రెండు కిలోలు దాటిన బరువు. సొంత ఫ్యాక్టరీ లేని కోల్ట్ ఆ వెయ్యి తుపాకుల ఆర్డర్‌ను ఎలై విట్నీ కొడుకు కార్ఖానాలో చేయించాడు. పత్తి గింజలు తీసే జిన్ కనిపెట్టిన ఎలై విట్నీయే ఆ తండ్రి. తుపాకులు చేతికందిన కొద్ది రోజులకే, 1847 అక్టోబర్‌లో, మెక్సికోలోని హువామంట్లాలో వాకర్ చనిపోయాడు.

మా మ్యూజియంలో వాకర్ నకలు ఒకటి ఉంది. దాని సిలిండర్ చుట్టూ ఒక బొమ్మ అచ్చువేసి ఉంటుంది. వేలి గోరంత గుర్రాలు, వాటి మీద టోపీలు పెట్టుకున్న రేంజర్లు, వాళ్లు తరుముతుంటే ముందు పరుగెడుతున్నట్టు చూపిన కొమాంచీలు. వాకర్స్ క్రీక్ పోరాటమే అది. దానికి డిజైన్ చేసినవాడు బ్యాంకు నోట్ల మీద బొమ్మలు చెక్కే వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ. ఒక్లహోమా నుంచి వచ్చిన ఓ కొమాంచీ పెద్దాయన ఒకసారి భూతద్దం అడిగి తీసుకుని ఆ బొమ్మను చాలాసేపు చూశారు. "ఎవరు ఎవరి నేల మీద ఉన్నారో ఈ బొమ్మలో లేదు" అన్నారు. అప్పటి నుంచి స్కూలు పిల్లలకు ఆ పెట్టె చూపించినప్పుడల్లా ఆ మాట కూడా చెబుతున్నాను. ఒక తుపాకి అమెరికా చరిత్రకు ప్రతినిధి అంటే, ఆ చరిత్రలో నష్టపోయినవాళ్లకు కూడా అది ప్రతినిధే. ఈ సంగతి ఒప్పుకోకుండా ఏ తుపాకికి కిరీటం పెట్టినా నాకు సమ్మతం కాదు.

తుపాకి కంటే ఫ్యాక్టరీ ముఖ్యం. నా వృత్తి వల్ల ఈ మాట గట్టిగా చెబుతాను. వాకర్ ఆర్డర్ డబ్బుతో కోల్ట్ హార్ట్‌ఫర్డ్‌లో నిలదొక్కుకున్నాడు. 1855లో కనెటికట్ నది ఒడ్డున పెద్ద కార్ఖానా కట్టాడు. బంగారు చుక్కలు అద్దిన నీలం గుమ్మటం, దాని మీద పిల్ల గుర్రం విగ్రహం. అందులో అసలు మేధావి ఎలైషా రూట్ అనే సూపరింటెండెంట్. ఒక్కో భాగానికి ఒక్కో ప్రత్యేక యంత్రం, ఒక్కో కొలతకు ఒక్కో గేజ్ పెట్టి, పెద్ద నైపుణ్యం లేని కూలీ చేత కూడా సరైన కొలతకు భాగం తీయించిన మనిషి. అక్కడ తయారైన భాగాలు ఏ తుపాకికైనా ఇట్టే సరిపోయేవని గొప్పగా చెబుతారు. పూర్తిగా అలా లేదు. చివర్లో ఫిట్టర్ కూర్చుని ఆకురాయి పట్టాల్సి వచ్చేది. అయినా ఆ కాలానికి అది పెద్ద ముందడుగు. ఆ కార్ఖానాలో పనిచేసిన ఫ్రాన్సిస్ ప్రాట్, ఏమస్ విట్నీ బయటికొచ్చి 1860లో ప్రాట్ అండ్ విట్నీ పెట్టారు. మొదట మెషిన్ టూల్స్ చేశారు. ఆ పేరుతోనే 1925లో విమానాల ఇంజిన్ల కంపెనీ మొదలైంది. హైదరాబాద్ నుంచి మీరు ఎక్కే ఎయిర్‌బస్ 320 నియోల్లో కొన్నిటి రెక్కల కింద ఉన్నవి వాళ్ల ఇంజిన్లే. కుట్టు మిషన్లు, సైకిళ్లు, టైప్‌రైటర్లు, ఆ తర్వాత కార్లు అన్నీ న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) తుపాకుల కార్ఖానాల్లో ముదిరిన ఈ పద్ధతి మీదే పెరిగాయి. అమెరికా అంటే పెద్ద ఎత్తున ఒకేలాంటి వస్తువుల ఉత్పత్తి అనుకుంటే, దానికి కోల్ట్ కంటే దగ్గరి ప్రతీకను చూపించడం కష్టం.

ఇక 1873 మోడల్. కోల్ట్ 1862లోనే చనిపోయాడు కాబట్టి తన పేరు మోసే ఈ తుపాకిని ఆయన చూడనేలేదు. 1864లో కార్ఖానా కాలిపోతే తిరిగి కట్టించింది ఆయన భార్య ఎలిజబెత్. అప్పటికి కోల్ట్ కంపెనీకి ఇంకో చిక్కు ఉంది. ఇత్తడి లేదా రాగి కేసులో గుండు, మందు కలిపిన తూటా వెనక నుంచి దూర్చాలంటే సిలిండర్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు రంధ్రం ఉండాలి. ఆ పేటెంట్ రోలిన్ వైట్ అనే ఆయనది. తుపాకికి పావలా డాలర్ చొప్పున రాయల్టీ ఇచ్చి స్మిత్ అండ్ వెస్సన్ దాన్ని దక్కించుకుంది. 1869లో ఆ గడువు తీరాకే కోల్ట్‌కు దారి దొరికింది. విలియం మేసన్, చార్లెస్ రిచర్డ్స్ కలిసి రూపొందించిన రివాల్వర్‌ను సైన్యం 1873లో తీసుకుంది. పాయింట్ 45 (అంగుళంలో సుమారు నూటికి 45 వంతుల వెడల్పు) కోల్ట్ తూటా, అశ్వికదళానికి ఏడున్నర అంగుళాల బ్యారెల్. 1876లో లిటిల్ బిగ్‌హార్న్‌లో మూలవాసి తెగల చేతిలో కస్టర్ నడిపిన అశ్వికదళం మట్టికరిచినప్పుడు సైనికుల నడుముకున్నది ఇదే. 1892 దాకా సైన్యంలో ఉంది.

సివిలియన్లకు అమ్మిన వాటి ధర 17 డాలర్ల దాకా. పశువుల మందలు తోలే కౌబాయ్‌కి అది ఇంచుమించు సగం నెల జీతం. 1878 నుంచి వించెస్టర్ రైఫిల్ వాడే పాయింట్ 44-40 తూటాకు సరిపోయేలా కూడా చేశారు. రైఫిల్‌కూ రివాల్వర్‌కూ ఒకటే తూటా, ఒకటే బెల్టు. మైళ్ల దూరం అంగడి లేని చోట బతికేవాడికి అది ఎంత సుఖమో ఊహించుకోండి.

దీన్ని చేత్తో పట్టుకుంటే గానీ అర్థం కానిది ఒకటుంది. షూటింగ్ మ్యాచ్‌లకు వెళ్లినప్పుడు నేను నకలుతో కాలుస్తాను. హ్యామర్‌ను బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగితే నాలుగు క్లిక్‌లు వరసగా వినిపిస్తాయి. రెండో క్లిక్ దగ్గర ఆపితే సిలిండర్ స్వేచ్ఛగా తిరుగుతుంది. కుడి పక్కన చిన్న తలుపు తెరిచి ఒక తూటా పెట్టాలి, ఒక గది వదిలేయాలి, తర్వాత వరసగా నాలుగు పెట్టాలి. తలుపు మూసి, హ్యామర్ పూర్తిగా లాగి, జాగ్రత్తగా కిందికి దించితే అది సరిగ్గా ఖాళీ గది మీద కూర్చుంటుంది. పేరుకు ఆరు గుళ్ల తుపాకి, జాగ్రత్త తెలిసినవాడు నింపేది అయిదే. హ్యామర్ కింద తూటా ఉంటే, తుపాకి జారి కిందపడినా పేలే ప్రమాదం ఉంది. పేల్చినప్పుడు పిడి అరచేతిలో పైకి దొర్లుతుంది, హ్యామర్ తనంతట తానే బొటనవేలి కిందికి వచ్చి ఆగుతుంది. పేలిన కేసులు తీయాలంటే మళ్లీ ఆ తలుపు తెరిచి, బ్యారెల్ పక్కనున్న కడ్డీతో ఒక్కొక్కటీ నెట్టాలి. ఇది నిదానం తుపాకి. సినిమాల్లో దడదడ మోగించే దానికీ నిజానికీ ఉన్న దూరం ఒకసారి తూటాలు నింపి చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు "పశ్చిమాన్ని గెలిచింది ఇదే" అన్న మాట దగ్గరకొద్దాం. అప్పటి ఊళ్లలో జనం దగ్గర ఎన్నో రకాల తుపాకులుండేవి. అంతర్యుద్ధం నాటి పాత రివాల్వర్లు, జేబులో పట్టే చవక రివాల్వర్లు, షాట్‌గన్లు. వీధిలో ఎదురెదురుగా నిలబడి కాల్చుకోవడం అన్న దృశ్యానికి మూలంగా చూపించేది వైల్డ్ బిల్ హికాక్, డేవిస్ టట్‌ల పోరు. అది మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1865లో జరిగింది, పీస్‌మేకర్ పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందు. హికాక్ ఇష్టపడింది పాయింట్ 36 కోల్ట్ నేవీ. అంతర్యుద్ధ కాలపు కథ తీసిన సినిమాల్లో కూడా నటుల నడుముకు 1873 తుపాకి వేలాడుతుండటం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో సంగతి మన వాళ్లకు బొత్తిగా తెలియదు. అరిజోనాలోని టూంబ్‌స్టోన్ ఊరు 1881 ఏప్రిల్‌లో తొమ్మిదో నంబర్ ఆర్డినెన్స్ తెచ్చింది. ఊళ్లో మారణాయుధాలు పట్టుకు తిరగకూడదు, వచ్చినవాళ్లు అప్పగించాలి. ఆ అక్టోబర్ 26న ఊరి పోలీసులకూ కౌబాయ్‌ల ముఠాకూ మధ్య జరిగిన ఓకే కొరాల్ కాల్పులకు దగ్గరి కారణం ఆ రూలు అమలు చేయబోవడమే. చనిపోయిన ఫ్రాంక్ మెక్‌లారీ, బిల్లీ క్లాంటన్‌ల దగ్గర ఉన్నవి ఇవే కోల్ట్‌లు. కాల్పులు సాగింది అర నిమిషం. తుపాకుల స్వేచ్ఛకు గుర్తుగా ఈనాడు చూపించే ఘటనకు మూలం తుపాకుల నియంత్రణ చట్టం. మీ లంచ్ టేబుల్ దగ్గర ఈ ఒక్క విషయం చెప్పండి, వాదన కొత్త దారి పడుతుంది.

మరి చరిత్రలో దాని పాత్ర జనం అనుకునేంత లేనప్పుడు నా ఓటు దానికే ఎందుకు? ఇక్కడే నాకు అసలు ఆసక్తి. కోల్ట్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఈ మోడల్ తయారీ ఆపేసింది. అప్పటికి మూడున్నర లక్షలకు పైగా తయారయ్యాయి, ఇక అడిగేవాళ్లు లేరు. కాలం చెల్లిన సరుకు. యుద్ధం అయ్యాక ఇళ్లలోకి టీవీ వచ్చింది. 1950ల చివరికి సాయంత్రం పూట వచ్చే వెస్టర్న్ సీరియళ్లు పాతిక దాటాయి. పిల్లలు, పెద్దలు అందరూ ఆ తుపాకి కావాలన్నారు. కోల్ట్ కదలకముందే లాస్ ఏంజిలస్‌లో గ్రేట్ వెస్టర్న్ అనే కంపెనీ నకళ్లు మొదలుపెట్టింది. కనెటికట్‌లోనే రూగర్ సంస్థ తనదైన సింగిల్ యాక్షన్లు దించింది. చివరికి 1956లో కోల్ట్ కూడా పాత మోడల్ తయారీ మళ్లీ మొదలుపెట్టింది.

సైన్యం కోసం పుట్టి, మూలనపడి, టీవీ వల్ల తిరిగి బతికిన తుపాకి నాకు తెలిసి ఇదొక్కటే. అమెరికా తన గురించి తాను చెప్పుకున్న కథ ఎంత బలమైనదంటే, ఆగిపోయిన ఉత్పత్తిని అది తిరిగి నడిపించింది. దీనికి ఇంకో ఉదాహరణ ఉంది. ఓకే కొరాల్ కాల్పుల్లో పోలీసుల వైపు ఉన్న వ్యాట్ ఎర్ప్‌కు పన్నెండు అంగుళాల బ్యారెల్ ఉన్న కోల్ట్ ఒకటి బహుమతిగా వచ్చిందన్న కథ 1931 నాటి ఓ జీవితచరిత్రతో ప్రచారమైంది. దానికి గట్టి ఆధారం దొరకలేదు. ఎర్ప్ మీద టీవీ సీరియల్ ఆడుతున్న రోజుల్లో, 1957లో, కోల్ట్ బంట్‌లైన్ స్పెషల్ పేరుతో ఆ పొడుగు తుపాకిని నిజంగానే తయారు చేసి అమ్మింది. కథలోంచి వస్తువు పుట్టింది. ఇంతకంటే అమెరికన్ సంగతి ఇంకేముంటుంది?

1911 వైపు వాదన చిన్నది కాదు. మీ సైనిక పెద్దాయనకు నా తరఫున నమస్కారం చెప్పండి. ఫిలిప్పీన్స్‌లో అక్కడి ముస్లింలైన మోరో యోధులతో పోరాడినప్పుడు పాయింట్ 38 రివాల్వర్ మనిషిని ఆపలేకపోతోందని సైన్యానికి తెలిసొచ్చింది. గోదాముల్లోంచి పాత 1873 కోల్ట్‌లే మళ్లీ బయటికి తీశారు. 1904లో థాంప్సన్, లగార్డ్ అనే అధికారులు షికాగో కబేళాల్లో పశువుల మీద, ఇంకా మృతదేహాల మీద రకరకాల తూటాలు కాల్చి చూశారు. పాయింట్ 45 కంటే చిన్నది వద్దని తేల్చారు. చదవడానికే కష్టమైన పరీక్షలు అవి. యూటాలోని ఆగ్డెన్‌లో పుట్టిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ ఆ కొలతకు ఆటోమేటిక్ పిస్టల్ రూపొందించాడు. 1911 మార్చిలో జరిగిన చివరి పరీక్షలో 6,000 తూటాలు పేల్చారు. వేడెక్కితే నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు. ఒక్కసారి కూడా మొరాయించలేదు. అదే నెల 29న సైన్యం తీసుకుంది, 1985లో ఇటలీ వారి బెరెట్టా వచ్చేదాకా దాన్నే ప్రధాన పిస్టల్‌గా ఉంచింది. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా, వియత్నాం.

దాని తయారీ కథ నాకు మరీ ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో వీటిని అందరికంటే ఎక్కువగా చేసింది రెమింగ్టన్ ర్యాండ్, టైప్‌రైటర్ల కంపెనీ. రైలు సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కూడా చేసింది. మన అమ్మమ్మలు తొక్కిన కుట్టు మిషన్ల సింగర్ కంపెనీ 500 పిస్టళ్లు చేసింది. సింగర్ ముద్ర ఉన్నది ఇప్పుడు దొరికితే కలెక్టర్లు ఇంటి ధర పెట్టి కొంటారు. మ్యూజియంలో 1911 పెట్టె దగ్గర ఎక్కువసేపు నిలబడేది ముసలివాళ్లే. "మా నాన్న దగ్గర ఇదే ఉండేది" అంటారు, తర్వాత కాసేపు మాట్లాడరు.

అయినా రెండో స్థానమే ఎందుకంటే, బ్రౌనింగ్ పనితనం అమెరికా దాటి ప్రపంచానిది అయిపోయింది. కాల్చినప్పుడు బ్యారెల్, స్లైడ్ కొంత దూరం కలిసి వెనక్కి జరిగి, బ్యారెల్ కిందికి వంగి విడిపోయే ఆ అమరికను మార్పులతో లోకమంతా వాడుతోంది. మీ కుర్ర ఇంజినీరు గ్లాక్‌లో ఉన్నదీ దాని సంతానమే. నార్వే, అర్జెంటీనా 1911ను సొంతంగా తయారు చేసుకున్నాయి. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో 1911ను మోసిన సైన్యపు జనరల్ ప్యాటన్ తన నడుముకు వేలాడదీసుకున్నది ఏది? 1916లో కొన్న, దంతపు పిడి ఉన్న 1873 కోల్ట్. సైనికుల ముందు, కెమెరాల ముందు తాను అమెరికన్ యోధుడిలా కనబడాలంటే ఏ తుపాకి పెట్టుకోవాలో ఆయనకు బాగా తెలుసు.

2011లో ఈ పోటీ చట్టసభల దాకా వెళ్లింది. 1911 పిస్టల్‌కు నూరేళ్లు నిండిన సందర్భంగా, బ్రౌనింగ్ తమవాడు కాబట్టి, యూటా దాన్ని రాష్ట్ర తుపాకిగా ప్రకటించింది. కొద్ది వారాలకే పక్కనున్న అరిజోనా కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీని ప్రకటించింది. మీ ఆఫీసులో ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుంటున్నది సరిగ్గా ఆ రెండు రాష్ట్రాల వాదనే.

మీ ఆఫీసులో ఎవరూ ఎత్తని తుపాకి ఒకటుంది. 1899లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ మిలిటరీ అండ్ పోలీస్, పాయింట్ 38 రివాల్వర్. తర్వాత దానికే మోడల్ 10 అని పేరు. అరవై లక్షలకు పైగా తయారైంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం అమెరికా పోలీసు అంటే నడుముకు ఆ రివాల్వర్. నన్నడిగితే సంఖ్యలోనూ రోజువారీ బతుకులోనూ దానిదే పైచేయి. కానీ దానికి ఎవరూ కథ కట్టలేదు.

దానికంటే చేదు జవాబు కూడా ఒకటుంది: జేబు తుపాకి. 1865 ఏప్రిల్ 14న లింకన్‌ను కాల్చింది ఫిలడెల్ఫియాలో తయారైన ఒక్క గుండు డెరింజర్‌తో, అరచేతిలో దాగేది. 1901లో బఫలో నగరంలో అధ్యక్షుడు మెకిన్లీని కాల్చింది ఐవర్ జాన్సన్ పాయింట్ 32 రివాల్వర్‌తో. సైకిళ్లు కూడా చేసే మసాచుసెట్స్ కంపెనీ అది. 1968లో సెనేటర్ రాబర్ట్ కెనెడీని కాల్చింది కూడా ఐవర్ జాన్సన్ రివాల్వర్‌తోనే. 1981లో అధ్యక్షుడు రేగన్ మీద పేలింది పాయింట్ 22 చవక రివాల్వర్. అమెరికా చరిత్ర మలుపులు లెక్కపెడితే పీస్‌మేకర్ కంటే ఈ జేబు తుపాకులే ఎక్కువసార్లు ఎదురవుతాయి. 2021లో ఈ దేశంలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు, అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. దంతపు పిడులు, చెక్కడాలు చూపించేటప్పుడు ఈ సంఖ్య కూడా చెప్పాలన్నది నా నియమం. ఎవరైనా ఐవర్ జాన్సనే అసలు ప్రతినిధి అంటే వాళ్లతో నేను పోట్లాడను. ఎవరూ గర్వంగా గోడకు తగిలించుకోని తుపాకి గనుక సంస్కృతి పరీక్షలో అది నిలవదు, అంతే.

గ్లాక్ విషయం త్వరగా ముగిస్తాను. ఆస్ట్రియాలో 1982లో వచ్చింది, 1985లో జార్జియాలోని స్మర్నాలో దాని అమెరికా కంపెనీ వెలిసింది. 1986లో మయామీలో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు కాల్పుల్లో చనిపోయాక పోలీసు శాఖలు రివాల్వర్లు వదిలి ఎక్కువ తూటాలు పట్టే పిస్టళ్ల వైపు త్వరత్వరగా మళ్లాయి, ఆ గాలిలో గ్లాక్ దేశమంతా పాకింది. పరాయి దేశంలో పుట్టి ఇక్కడ స్థిరపడిందన్న మాటను మీ కుర్రాడు వాడితే బాగుంటుంది, మనందరి కథా అదే కదా. ఇంట్లో రక్షణకు హ్యాండ్‌గన్ ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని సుప్రీం కోర్టు 2008లో హెల్లర్ కేసులో తేల్చింది. ఆ హక్కుతో ఇప్పుడు జనం కొంటున్నది ఎక్కువగా ఇలాంటి ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్లే. ఇంకో యాభై ఏళ్లకు ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే జవాబు మారవచ్చు.

పీస్‌మేకర్ ఎంత అమెరికన్ అన్నదానికీ ఓ మెలిక ఉంది. నేను మ్యాచ్‌లలో వాడే నకలు ఉబెర్టీది, ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియాలో తయారైంది. పాతకాలపు బట్టలు వేసుకుని, మారుపేర్లు పెట్టుకుని కాల్చే ఆ కౌబాయ్ పోటీల్లో చాలామంది చేతుల్లో ఉండేవి ఇటలీ తుపాకులే. కోల్ట్ కంపెనీని 2021లో చెక్ దేశపు సంస్థ కొనేసింది. ఇవన్నీ తెలిశాక కూడా నా ఓటు మారలేదు. ఎవరు తయారు చేసినా ఎవరు అమ్మినా, ఆ ఆకారం చూడగానే ఏ దేశం గుర్తొస్తుందో గుంటూరులో పిల్లాడిని అడిగినా చెబుతాడు.

చివరగా మీకు పనికొచ్చే రెండు మాటలు. ఈ ఉత్సాహంలో రేంజ్‌కు వెళ్లి కాల్చి చూద్దామనుకుంటే ముందు మీ వీసా చూసుకోండి. హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. రేంజ్‌లో కాసేపు అద్దెకు తీసుకున్నా ఈ చట్టం కిందికి రావచ్చు. "అందరూ వెళ్తున్నారు" అన్న మాట నమ్మి స్టేటస్ మీదికి తెచ్చుకోకండి, లాయర్‌ను అడిగాకే అడుగు వేయండి.

చూడటానికైతే ఏ అనుమతీ అక్కర్లేదు. హార్ట్‌ఫర్డ్ వస్తే కనెటికట్ చరిత్ర మ్యూజియంలో కోల్ట్ కంపెనీ సొంత సేకరణ ఉంది, పాత కార్ఖానా ఉన్న కోల్ట్స్‌విల్‌ను నేషనల్ పార్కుల జాబితాలో చేర్చారు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అక్కడికి గంటలోపు ప్రయాణం. పశ్చిమం వైపు వెళ్తే వయోమింగ్‌లోని కోడీలో పెద్ద ఆయుధాల మ్యూజియం ఉంది. బ్రౌనింగ్ కోసం ఆగ్డెన్ పాత రైల్వే స్టేషన్‌లోని మ్యూజియంకు వెళ్లాలి. మీ ఇద్దరు పెద్దమనుషుల్లో ఎవరినైనా వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. 1911 పెట్టె ముందు నిలబడి ఆ సైనిక పెద్దాయన చెప్పేవి ఏ పుస్తకంలోనూ దొరకవు, అడిగి రాసుకోండి.